ఎర్ర సిరాతో రాసిన ఆ మాట గురించి ఆగి అడిగిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

గాజువాకలోని మా ఇరుగుపొరుగు వారికి, విశాఖలోని బంధుమిత్రులకు నమస్కారం. మూడు నెలలుగా మా అమ్మాయి ఆరోగ్యం గురించి అడుగుతున్న మీకందరికీ విషయం తెలియజేసి, మాకు సాయపడిన ముగ్గురికి అందరి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు.

మా అమ్మాయికి 13 ఏళ్లు. రుమాటిక్ జ్వరం వచ్చి, గుండెలో మైట్రల్ కవాటం కొద్దిగా లీకవుతోందని ఎకో (గుండె స్కాన్)లో తేలింది. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మళ్లీ సోకితే ఆ కవాటం ఇంకా దెబ్బతింటుంది కనుక, 21 రోజులకొకసారి 12 లక్షల యూనిట్ల బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి చేయించాలి. కానీ తన నాలుగో ఏట ఎవరో ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ పడదు’ అని రాసి, కింద రెండు గీతలు గీశారు. మొదట చూపించిన చోట ఆ మాట చూసి, ఇంజెక్షన్ ఊసెత్తకుండా రోజుకు రెండు పూటలా ఎరిత్రోమైసిన్ మాత్రలు రాశారు. అట్ట మీద అలా ఉన్నప్పుడు ఎవరైనా భయపడతారు. అయితే ఆ మాత్రలు ఇంజెక్షన్ ఇచ్చినంత రక్షణ ఇవ్వవని మాకు తరువాతే తెలిసింది.

నగరంలో ఆ తరువాత కలిసిన పిల్లల డాక్టరు గారు ఆ అట్టను పక్కన పెట్టి, ‘అప్పుడు ఏం జరిగిందమ్మా?’ అని నా భార్యను అడిగారు. మందు వేసిన ఎంతసేపటికి వచ్చింది, దురదతో ఉబ్బిన దద్దుర్లా లేక చదునైన మచ్చలా, ముఖం వాచిందా, ఆయాసం వచ్చిందా, నోట్లో పుండ్లు గానీ చర్మం ఊడటం గానీ ఉన్నాయా, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిందా అని ఒక్కొక్కటిగా, దాదాపు అరగంట అడిగారు. జ్వరానికి పెన్సిలిన్ జాతి మందే అయిన అమోక్సిసిలిన్ సిరప్ వేస్తుండగా ఐదో రోజున దురద లేని ఎర్రమచ్చలు వచ్చి మూడు రోజుల్లో తగ్గాయని, పిల్ల ఆడుకుంటూనే ఉందని నా భార్యకు గుర్తుంది. చర్మం ఊడి, నోరు పూసి ఉంటే ఆ మందు జోలికి మళ్లీ వెళ్లకూడదని, ఇలాంటి మచ్చలు మాత్రం పిల్లల్లో చాలాసార్లు వైరస్ వల్లే వస్తాయని డాక్టరు గారు వివరించారు. పెన్సిలిన్ పడదని రాసి ఉన్నవారిని సరిగా పరీక్షిస్తే 100 మందిలో 90 మందికి పైగా ఆ మందు పడుతుందని వారు చెప్పినప్పుడు నేను నమ్మలేక మళ్లీ అడిగాను.

ఆ తరువాత ఎప్పుడైనా ఇలాంటి మందు వాడారా అన్న ప్రశ్నకు, నాలుగేళ్ల కిందట పంటి నొప్పికి ఏవో మాత్రలు వాడిన సంగతి నా భార్యకు తట్టింది. చీటీ ఎప్పుడో పోయింది. మా వీధి మెడికల్ షాపు యజమాని రాత్రి షాపు మూసే వేళలో కంప్యూటర్‌లో పాత బిల్లులన్నీ వెతికి, అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మాత్రలు ఐదు రోజులకు ఇచ్చిన బిల్లును తీసి చేతిలో పెట్టారు. వాడవద్దన్న మందునే మాకు తెలియకుండా వాడాము, పిల్లకు ఏమీ కాలేదు. ఆ కాగితం విలువ ఆయనకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

బిల్లు చూశాక కూడా డాక్టరు గారు తొందరపడలేదు. ఆసుపత్రిలోనే, తీవ్రమైన అలెర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ మందును పక్కన సిద్ధంగా ఉంచుకుని, అమోక్సిసిలిన్ డోసులో పదో వంతు ఇచ్చి, అరగంట చూసి, మిగిలింది ఇచ్చి, మరో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఇది ఇంట్లో ఎవరూ చేసి చూడకూడని పని అని దయచేసి గమనించండి. అంతసేపూ సిస్టర్ గారు పావుగంటకొకసారి బీపీ చూసి, పిల్ల చొక్కా చేతులు పైకి మడిచి చర్మాన్ని వెలుతురులో పరిశీలించారు. తరువాత బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ చేసింది కూడా ఆవిడే. చిక్కటి మందు, నొప్పి ఎక్కువ. చాలా నెమ్మదిగా ఎక్కిస్తూ, చదువు గురించి మాట్లాడిస్తూనే ఉన్నారు.

డాక్టరు గారు అట్ట మీది ఎర్ర మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన ‘అమోక్సిసిలిన్ ఇచ్చి చూశాము, పడింది’ అని తేదీ వేసి సంతకం చేశారు. ఇప్పటికి రెండు ఇంజెక్షన్లు అయ్యాయి. మూడోది వచ్చే మంగళవారం. ఆ రోజు ఆ సిస్టర్ గారే డ్యూటీలో ఉంటారా కనుక్కోమని మా అమ్మాయి నన్ను రెండుసార్లు అడిగింది.