ఆ గన్ ఆ పెద్దవాళ్ళదే అయితే? మా టెనెస్సీ ప్రతినిధి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రతినిధి గారికి,

నమస్కారాలు. టెనెస్సీ శాసనసభలో మా ప్రాంతం తరఫున కూర్చునే మీకు ఇది నా ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ ఇంగ్లీషులో రాశాను. నాలుగింటికీ ఒకటే జవాబు, కామా కూడా మారకుండా వచ్చింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, బాధ్యత గల తుపాకీ యజమానుల హక్కులనూ పిల్లల భద్రతనూ కాపాడుతాం, అని. ఒకదాంట్లో నా పేరు కూడా తప్పే. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. మీకు తెలుగు రాదని తెలుసు. ఇంగ్లీషులో రాసినవి మాత్రం చదివారా? ఇదైతే కనీసం ఇక్కడున్న మావాళ్ళు చదువుతారు.

మా వాడు ఒకటో తరగతి. 2024లో మీరు చేసిన చట్టం ప్రకారం ఈ 2025–26 విద్యా సంవత్సరంలో వాడికి బళ్ళో తుపాకీ పాఠం చెప్పారు. చొక్కాకి స్టిక్కర్ అంటించుకుని వచ్చాడు. ఆగు, ముట్టుకోకు, గబగబా అక్కణ్ణుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకి చెప్పు. నాలుగు వేళ్ళూ మడిచి, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. నేనూ మెచ్చుకున్నాను. రాత్రి పెరుగన్నం తింటూ తింటూ ఆగి, "అమ్మా, ఆ గన్ ఆ పెద్దవాళ్ళదే అయితే ఎవరికి చెప్పాలి?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదండీ. అదే ప్రశ్న మీకు రెండో ఉత్తరంలో రాశాను. మీ అభిప్రాయం విలువైనది అన్నారు.

ముందే చెప్తున్నాను, నేను పాఠం వద్దనే మనిషిని కాదు. నిజం తుపాకీ గానీ తూటా గానీ తరగతిలోకి రాకూడదని, తుపాకీ రాజకీయాల్లో ఏ పక్షమూ వహించకూడదని చట్టంలో రాశారు, మంచిదే. యూటాలో తల్లిదండ్రులు వద్దంటే పిల్లల్ని బయట కూర్చోబెడతారు, మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఉన్నా నేను వాడుకునేదాన్ని కాదు. ఈ దేశంలో 2020 నుంచి పిల్లల్నీ టీనేజర్లనీ ఎక్కువమందిని బలి తీసుకుంటున్నది తుపాకీయే. మీజిల్స్ టీకా వేయించినట్టే ఇదీ చెప్పించాలి. ఒప్పుకుంటాను.

కానీ ఈ మొత్తం వ్యవహారంలో పాఠం ఎవరికి పెట్టారు? ఆరేళ్ళవాడికి. తయారుచేసినవాడికి లేదు, అమ్మినవాడికి లేదు, కొని మంచం పక్క సొరుగులో పడేసినవాడికి లేదు. అందరినీ దాటుకుని వచ్చి చిట్టచివర నిలబడ్డ పిల్లాడి చేతికి స్టిక్కర్ ఇచ్చి, ఇక నీ ప్రాణం నీ బాధ్యత నాయనా అన్నారు.

నాష్‌విల్‌లో కాల్పులు జరిగిన కవనెంట్ స్కూల్ సంగతి నేను మీకు గుర్తుచేయాలా? 2023 మార్చి 27. తొమ్మిదేళ్ళ పిల్లలు ముగ్గురు, పెద్దవాళ్ళు ముగ్గురు పోయారు. కాల్చిన మనిషి ఐదు షాపుల్లో ఏడు తుపాకులు కొన్నట్టు, అన్నీ చట్టబద్ధంగానే కొన్నట్టు పోలీసులే చెప్పారు. ఆ మాట విన్నప్పుడు, ఇప్పుడైనా షాపుల వైపు చూస్తారు అనుకున్నాను. నిజంగానే చూశారు. రెండు నెలలు కూడా తిరగకముందే, ఆ మే నెలలోనే, తుపాకులు చేసేవాళ్ళ మీదా అమ్మేవాళ్ళ మీదా కోర్టుకెళ్ళడం మరింత కష్టమయ్యేలా చట్టం తెచ్చారు! ఫెడరల్ చట్టం 2005 నుంచే వాళ్ళకి గొడుగు పట్టి ఉంది. అది చాలలేదు కాబోలు, మనమూ పైన ఇంకో గొడుగు పట్టాం. తడిసింది ఎవరో మీకు తెలుసు.

ఆగస్టులో ప్రత్యేక సమావేశాలు అన్నారు. ఎంత ఆశపడ్డామో. ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర్నుంచి కోర్టు ద్వారా తాత్కాలికంగా తుపాకీ తీసి ఉంచే ఏర్పాటు చేద్దామని గవర్నర్ గారే ఏప్రిల్లో అడిగారు కదా. ఆయన పార్టీదే సభ, అయినా దాన్ని ముట్టుకోలేదు. చేతిలో నినాదం రాసిన కాగితం ముక్క పట్టుకున్నందుకు తల్లుల్ని గదిలోంచి బయటికి పంపారు, అది మాత్రం చురుగ్గా జరిగింది. చివరికి మిగిలింది ఉచిత తాళాలు, తుపాకీ బీరువాల మీద సేల్స్ టాక్స్ మాఫీ. నేను కొనే సోనామసూరి బస్తా మీద మాత్రం పన్ను అలాగే ఉంది సార్. బియ్యాన్ని కూడా బీరువాలో పెట్టుకుంటామని రాసిస్తే ఏమైనా తగ్గుతుందా?

మా అమ్మాయి కూచిపూడి క్లాసున్న షాపింగ్ వరసలోనే, రెండు గుమ్మాల అవతల, ఒక గన్ షాపు ఉంది. క్లాసు గంటన్నర. నవంబర్లో చలికి కార్లో కూర్చోలేక ఒకరోజు లోపలికి వెళ్ళాను. కౌంటర్ వెనకాయన చాలా మర్యాదస్తుడు, అబద్ధం చెప్పకూడదు. కొనేవాళ్ళ వివరాలు టీబీఐకి, అంటే రాష్ట్ర దర్యాప్తు సంస్థకి, పంపి సరిచూస్తామన్నాడు, ఫారం చూపించాడు, పిస్తోలు కొంటే తాళం కూడా ఇవ్వాలన్నాడు. ఇవ్వడం వరకే చట్టం. వాళ్ళు దాన్ని వేస్తారా అన్నాను. భుజాలు ఎగరేశాడు. ఒకే మనిషి వరసగా ఐదు పనిరోజుల్లో రెండు పిస్తోళ్ళు కొంటే మేం రిపోర్టు పంపాలి అని గర్వంగా చెప్పాడు. మరి రైఫిళ్ళు? ఆ నియమం మెక్సికో సరిహద్దు రాష్ట్రాలకేనండీ, మాకు లేదు అన్నాడు. అంటే ఇక్కడ వారంలో నాలుగు రైఫిళ్ళు కొన్నా ఎవరికీ చీటీ వెళ్ళదు. ఫెడరల్ తనిఖీవాళ్ళు ఆఖరిసారి ఎప్పుడొచ్చారని అడిగితే ఆలోచించి, "ఈ కౌంటర్ మార్చక ముందు" అన్నాడు. ఏడాదికి ఒకసారికి మించి మామూలు తనిఖీ చేయకూడదని 1986 నుంచి చట్టమే ఉంది. ఆ ఒక్కసారైనా రావడానికి మనుషులు చాలరు. కావాలని తప్పులు చేసిన డీలర్ల లైసెన్సు తీసేసే కఠిన విధానం ఒకటి 2021లో పెట్టారు, 2025 ఏప్రిల్లో అదీ ఎత్తేశారు. సరే, అది వాషింగ్టన్ వాళ్ళ పని, మీ చేతిలో లేదంటారు.

మీ చేతిలో ఉన్నదే అడుగుతాను. అదే వరసలో గోళ్ళకి రంగు వేసే పార్లర్ ఉంది. ఆ అమ్మాయి గోడ మీద రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఫ్రేము కట్టించి పెట్టుకుంది, లేకపోతే నా గోరు ముట్టుకోకూడదు. పక్కన గన్ షాపుకి రాష్ట్రం లైసెన్సే అక్కర్లేదు. ఇల్లినాయి రాష్ట్రం 2019లో పెట్టుకుంది డీలర్లకి సొంత సర్టిఫికెట్. ఆకాశం విరిగి పడలేదు, షాపులు నడుస్తూనే ఉన్నాయి.

నరసరావుపేట దగ్గర మా పెదనాన్నకి ఒక డబుల్ బ్యారెల్ గన్ ఉండేది. పొలానికి అడవి పందుల బెడద. ఎన్నికలు వచ్చాయంటే ఆయన దాన్ని గోనెపట్టాలో చుట్టి, సైకిలు మీద పోలీస్ స్టేషనుకి తీసుకెళ్ళి అప్పజెప్పి, రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనాలో కూడా లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉండేది. అలాగని మా పల్నాడు శాంతినిలయం అనుకోకండి. నాటుబాంబులు, వేటకొడవళ్ళు, అన్నీ చూశాం. కానీ తుపాకీ అనేది సర్కారు లెక్కలో ఉండే వస్తువు అని మా పెదనాన్నకి తెలుసు, అమ్మినవాడికి తెలుసు, నాలాంటి పిల్లకి కూడా తెలుసు.

ఇక నా అసలు బాధ. ఇది మూడో ఉత్తరంలో రాశాను, మళ్ళీ రాస్తున్నాను. మా వాడిని ఎవరైనా ప్లేడేట్‌కి పిలిస్తే నాకు టెన్షన్. మా వాడికి పల్లీలు పడవు, కాస్త చూడండి అని మెసేజ్ పెట్టడం తేలిక. వెంటనే "అయ్యో, పల్లీలు అసలు బయటికే తీయం" అని హార్ట్ బొమ్మతో జవాబిస్తారు. దాని కింద ఇంకో లైను, మీ ఇంట్లో గన్ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా అని రాయడానికి నాకు అరగంట పడుతుంది. రాసి, చెరిపి, మావారికి చూపించి, మళ్ళీ చెరిపి. ఒకావిడ "మాది క్రైస్తవ కుటుంబం" అని జవాబిచ్చారు. ఆ మాటకి అర్థం గన్ ఉన్నట్టా లేనట్టా నాకు ఇప్పటికీ తెలీదు. ఇంకొకరు జవాబే ఇవ్వలేదు, తర్వాత పుట్టినరోజుకి తరగతిలో అందరినీ పిలిచి మా వాడిని పిలవలేదు. వాడు ఆ శనివారమంతా కిటికీ దగ్గర లెగో పెట్టుకుని కూర్చున్నాడు. నేనేం తప్పు చేశానమ్మా అన్నాడు. నువ్వు చేయలేదు నాన్నా, నేను అడిగాను అన్నాను. ఏం అడిగావు అన్నాడు. తాళం వేసి ఉంచాలని మీరు ఒక్క చట్టం చేసి ఉంటే, అది నేను అడగాల్సిన ప్రశ్నే కాదు కదండీ!

బయటివాళ్ళనే అనడం దేనికి. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయాక సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళూ కొంటున్నారు. దసరాకి ఒకరింటికి వెళ్తే ఆయుధపూజలో కారు తాళాలు, లాప్‌టాప్, వాటి మధ్య పిస్తోలు, దానికీ కుంకుమ బొట్టు. పిల్లలు చుట్టూ ప్రసాదం తింటున్నారు. మా వాడు ఆగాడు, ముట్టుకోలేదు, గబగబా నా దగ్గరికి వచ్చి చెప్పాడు. మీ పాఠం పనిచేసిందని సంతోషించండి. నేను ఆ ఇంటాయనతో చెప్పాను. "లోడ్ చేసి లేదులే అమ్మా" అని నవ్వేశాడు.

అన్నిసార్లూ పనిచేయదు కూడా. అట్లాంటాలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలు 64 మందితో చేసిన పరీక్ష ఒకటి 2001లో అచ్చయింది. సొరుగులో తుపాకీ దాచి, పిల్లల్ని గదిలో వదిలి, అద్దం వెనక నుంచి చూశారు. చాలామందికి దొరికింది. తీసి ఆడుకున్నవాళ్ళలో, ట్రిగ్గర్ నొక్కినవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగానే, మాకు తుపాకీ జాగ్రత్తలు ముందే చెప్పారు అన్నవాళ్ళే. పాఠం వచ్చు. చెయ్యి ఆగదు. పిల్లలు కదా మరి.

మన వైట్ పైన్ ఊరి సంగతి? 2015లో, కుక్కపిల్లని చూపించలేదని పదకొండేళ్ళవాడు వాళ్ళ నాన్న షాట్‌గన్ తీసి పక్కింటి ఎనిమిదేళ్ళ పిల్లని కాల్చాడు. ఆ పాపకి ఏ పాఠం చెప్పి ఉంటే బతికేది? ఆ పాప పేరు మీదే, పిల్లలకు అందేలా తుపాకీ వదిలేస్తే శిక్ష పడాలని మీ సభలో బిల్లు పెట్టారు, పోయింది. 2025 జనవరిలో నాష్‌విల్ ఆంటియాక్ హైస్కూల్లో, భోజనాల హాల్లో జరిగిన కాల్పుల్లో పదహారేళ్ళ అమ్మాయి పోయింది. అక్కడ మావాళ్ళ పిల్లలు ఎంతమంది చదువుతున్నారో మీకు తెలుసా? అంతకుముందే మీరు చేసింది, టీచర్లు తుపాకీ దాచుకుని తరగతికి రావచ్చని 2024లో ఇంకో చట్టం. ఏ టీచర్ దగ్గర ఉందో తల్లిదండ్రులకి చెప్పక్కర్లేదట. "గన్ ఆ పెద్దవాళ్ళదే అయితే" అని మా వాడు ఊరికే అడగలేదు.

నాకు ఓటు లేదు, నిజమే. గ్రీన్‌కార్డు లైన్లో పదకొండేళ్ళుగా నిలబడి ఉన్నాం. మావారిది హెచ్‌1బీ, మామూలుగా ఆయన ఇక్కడ తుపాకీ కొనకూడదు. కానీ వేట లైసెన్సు తీసుకుంటే కొనొచ్చట, చట్టంలోనే ఉంది. మిమ్మల్ని ఎన్నుకోవడానికి పనికిరాం గానీ జింకని కాల్చడానికి పనికొస్తాం. ఓటు లేనివాళ్ళ ఉత్తరాలకి అచ్చు జవాబు చాలు అనుకుంటే ఆ మాటే చెప్పేయండి, నేను రాయడం మానేస్తాను. లేదు, మానను.

డీలర్లకి రాష్ట్రం తరఫున లైసెన్సు పెట్టండి. రాత్రిపూట షాపులో సరుకు ఎలా దాస్తున్నారో ఎవరైనా వెళ్ళి చూసేలా చేయండి. రైఫిళ్ళు పోగేసి కొంటున్న మనిషి గురించి ఒక్క చీటీ అయినా ఎవరికైనా వెళ్ళేలా చేయండి. పిల్లలున్న ఇంట్లో తాళం వేయాలని రాయండి. ఇవన్నీ కాకపోతే ఒక్కటి చేయండి. ఒక్కటి కూడా కుదరదంటే, ఎందుకు కుదరదో మీ సొంత మాటల్లో రెండు లైన్లు రాయండి. బతిమాలుతున్నాను. మా వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వాడు ఇప్పటికి మూడుసార్లు అడిగాడు.

మీ ఆఫీసు నుంచి ఈసారీ ఆ పాత జవాబే వస్తే, దయచేసి తెలుగులో పంపించండి. మా వాడు చదవడం నేర్చుకుంటున్నాడు.

ఇట్లు,
విలియమ్సన్ కౌంటీ నుంచి,
ఒకటో తరగతి పిల్లాడి తల్లి