గిటార్ మీద బొమ్మకి తొందరపెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మా కోనసీమలో చేత్తో చేసిన చెక్క గిటార్ల మీద బొమ్మలేయించుకునే కుర్రాళ్లు ఉన్నారు, చాలా సంతోషం, కానీ ఏడాది తిరక్కుండానే ఆ రంగు పెచ్చులూడిపోతుంటే ప్రాణం ఉసూరుమంటోందండి.

ముందు చెక్కని 320 నంబర్ ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, పల్చగా సీలర్ (చెక్క రంధ్రాలు మూసే అడుగు పూత) కొట్టాకే బ్రష్ పట్టాలి, లేకపోతే రంగు నారల్లోకి పాకి గీత చెదిరిపోద్ది. యాక్రిలిక్ తొందరగా ఆరుద్ది, ఆయిల్ పెయింట్ మాత్రం పైకి ఆరినట్టే ఉంటది గానీ లోపల వారాల తరబడి పచ్చిగానే ఉంటది, దాని మీద లక్కర్ (మెరుపునిచ్చే పైపూత) కొడితే ముడతలు ఖాయం. అకూస్టిక్ గిటార్ ముందు పలక దాదాపు 3 మిల్లీమీటర్లే, అది అదిరితేనే కదా సౌండ్, తలుపులకి పూసినట్టు ఎనామిల్ పట్టిస్తే గొంతు నొక్కేసినట్టే. బ్రిడ్జి, అంటే తీగల కింది కొస పట్టుకునే చెక్కముక్క, అతికే చోట అసలు రంగే వద్దు, జిగురు ఒట్టి చెక్కనే గట్టిగా పట్టుకుంటది.

ఇక వానాకాలం సంగతి. మన డెల్టా గాలిలో అసలే తేమ, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ స్ప్రే చేస్తే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి చెమ్మ లాగేసి తెల్లగా మసకేసేస్తది, అంత కష్టపడి వేసిన నెమలి బొమ్మ బూడిద పూసినట్టు అయిపోద్ది. పొడి రోజు చూసుకుని, మొదటి కోటు మంచు పడ్డట్టు వేసి, మిగతావి ఆరనిచ్చి ఆరనిచ్చి వేయాలి, మాస్క్ తప్పనిసరి. రేపటికల్లా కావాలని పెయింటర్ని తరమకండి బాబూ.

ఐటీఐల్లో వడ్రంగం నేర్చుకునే పిల్లలకి ఈ పని కూడా చూపించమని మీ పేపర్ ద్వారా అధికారుల్ని కోరుతున్నాను.

– ఒక పెయింటర్, అమలాపురం