ఆమె పల్లె పడుచు కాదు, సెరెస్

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం సంచికలో భావావేశానికి, ప్రకృతికి పెద్దపీట వేసే రొమాంటిక్ ధోరణి తైలవర్ణ చిత్రమొకటి అచ్చువేసి, దాని కింద ‘కోతల వేళ పల్లె పడుచు’ అని రాశారు. ఆమె రోమన్ల పంటల దేవత సెరెస్. తలపై గోధుమ కంకుల దండ, చేతిలో కొడవలి, కంకుల నడుమ ఎర్రని గసగసాల పూలు ఆమె గుర్తులే. ఇంగ్లీషులో ధాన్యాలకు సీరియల్స్ అనే మాట ఆమె పేరు నుంచే వచ్చింది.

పాతాళాధిపతి ప్లూటో ఎత్తుకుపోయిన కూతురు ప్రోసెర్పినా కోసం దివిటీలు పట్టుకొని లోకమంతా గాలించి, ఆ దుఃఖంలో నేలను పండనివ్వని తల్లి ఆమె. కూతురు తిరిగివచ్చి తన దగ్గరుండే నెలల్లోనే పైరు పచ్చబడుతుందని పురాణం. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1839లో ఆ అపహరణ ఘట్టాన్నే గీసి ప్రదర్శించాడు. మీరు వేసిన బొమ్మలో ఆమె ముఖం సగం నీడలో ఉండడం, చూపు కోసిన పనల మీద కాక దూరపు కొండల వైపు ఉండడం ఈ కథ తెలిసినవారికే అర్థమవుతాయి.

మా బెసంట్ నగర్ అష్టలక్ష్మి కోవెలలో ధాన్యలక్ష్మికి మొక్కే తెలుగువారికి ఈ దేవత పరాయిదిగా తోచదు. దయచేసి వచ్చే సంచికలో ఆమె పేరు సరిదిద్ది, చిత్రకారుని పేరు కూడా ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, చెన్నై