మంత్రి గారూ, ఓపీలో చెప్పులు విప్పించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇరవై ఏళ్లకు పైగా డ్రెస్సింగ్ గదిలో పనిచేసి రిటైరైన నర్సుని. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చినవి పాదాల పుండ్లే. పాత కట్టు విప్పిన ప్రతిసారీ ఒకటే అనిపించేది. ఈ పాదాన్ని నాకంటే ముందు ఎవరైనా చూసి ఉంటే ఇంతవరకూ వచ్చేదా?

ఒకాయన బాగా గుర్తు. చాలా ఏళ్లుగా షుగరు. బూటులో చిన్న రాయి పడితే దాని మీదే రోజంతా నడిచాడు. సాయంత్రం సాక్సుకు రక్తం కనిపించేదాకా తెలియలేదు. "నొప్పేం లేదమ్మా, చిన్న పుండే" అన్నాడు. నొప్పి లేకపోవడమే అసలు జబ్బని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నెలనెలా మందులకు వెళ్లేవాడు. బీపీ చూసేవాళ్లు, రక్తం తీసేవాళ్లు, చీటీ రాసేవాళ్లు. చెప్పులు విప్పమని మాత్రం ఎవరూ అనలేదు. చివరికి బొటనవేలు తీసేశారు.

షుగరు వల్ల పాదంలో స్పర్శ పోయిందేమో చూసే పరీక్షకు పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మోనోఫిలమెంట్ అనే నైలాన్ దారం చాలు. అది వంగేదాకా అదిమితే చర్మం మీద 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. రోగిని కళ్లు మూసుకోమని, అరికాలిలో కొన్నిచోట్ల తాకించి, తెలిసినప్పుడల్లా చెప్పమనాలి. ఆనెకాయ మీద తాకించకూడదు, అక్కడ చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి ఫలితం తప్పుతుంది. తర్వాత పాదం పైనా చీలమండ వెనకా నాడి చూడాలి, వేళ్ల సందులు విప్పి చూడాలి. అంతా కలిపి కొద్ది నిమిషాల పని. వాడగా వాడగా ఆ దారం మెత్తబడిపోతుంది, అందుకే క్లినిక్‌కి ఒక్కటిచ్చి ఊరుకోకండి.

షుగరు ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికి ఒక్కసారైనా ఈ పరీక్ష జరగాలి. వాళ్ల కార్డు మీద "పాదాలు చూశాం" అని ఒక గడి, పక్కన తేదీ ఉండాలి. నేను అడిగేవాటిలో మొదటిది ఇదే.

రెండోది పుండు పడ్డాక జరిగేది. ఎంత మంచి మందు రాసి కట్టినా, రోగి ఆ పుండు మీదే నడుచుకుంటూ ఇంటికి వెళ్తే అది మానదు. బరువు దాని మీద పడకుండా చూడటమే సగం వైద్యం. మోకాలి కింది నుంచి పాదం దాకా ఒంటికి అంటినట్టు వేసే కట్టు ఉంటుంది, టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. రక్తప్రసరణ బాగుండి, ఇన్‌ఫెక్షన్ ముదరని అరికాలి పుండ్లకు అది బాగా పనిచేస్తుంది. అది వేయడం తెలిసినవాళ్లు కావాలి. అలాగే ప్రత్యేకమైన చెప్పుల్ని సోకుగా కాక మందుగా లెక్కగట్టి ఇవ్వాలి. "నడవకండి" అని నేనెన్నిసార్లు చెప్పానో! పనికి వెళ్లకపోతే ఇల్లు గడవని మనిషికి ఆ మాట చెప్పి ఏం లాభం?

పాదం బాధ అంటే షుగరొక్కటే కాదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టుండే నొప్పి చాలామందికి వస్తుంది. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందని చూపిస్తే హడలిపోతారు. నొప్పే లేనివాళ్లలోనూ అలాంటి ఎముక కనిపిస్తుంది. పిక్కనూ అరికాలినీ సాగదీసే వ్యాయామాలు, మెత్తటి అడుగున్న చెప్పులు, కొన్ని నెలల ఓపిక ఉంటే ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఈ నాలుగు మాటలు చెప్పే తీరిక లేక నొప్పి మాత్రలు రాసి పంపేస్తున్నాం. మడమలో చేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి ఉపశమనమిస్తుంది గానీ, మళ్లీ మళ్లీ చేయిస్తే మడమ కింది కొవ్వు పలచబడొచ్చు, అరికాలి చర్మం కింద ఉండే గట్టి కణజాలపు పట్టీ తెగొచ్చు.

ఆనెకాయల సంగతి ఇంకో రకం. చెప్పు ఒత్తిడి వల్ల వచ్చింది, ఆ చెప్పు మారకపోతే ఎన్నిసార్లు తీసినా తిరిగొస్తుంది. జనం బ్లేడుతో కోసుకుంటారు, లేదా దుకాణంలో దొరికే పట్టీ అంటిస్తారు. వాటిలో చాలావరకు శాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. స్పర్శ లేని పాదానికి అది అంటిస్తే చర్మం కాలినా తెలియదు. షుగరు ఉన్నవాళ్లు వాడకూడదని పెట్టె మీద పెద్దక్షరాల్లో రాయించండి. కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడని అక్షరాల్లో కాదు.

వేళ్ల సందుల్లో పాచిపోయి దురద పెట్టే ఫంగస్‌కు క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ లాంటి క్రీములు సరిపోతాయి. దురద తగ్గగానే ఆపేస్తారు, అది మళ్లీ వస్తుంది. ఇంకా చెడ్డది స్టెరాయిడ్ కలిపిన క్రీములు. ముందు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ పాకుతూనే ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకుండా చూడటం మీ చేతిలోని పనే. ఇక గోరు కండలోకి దిగడం చాలావరకు మూలలు గుండ్రంగా, మరీ లోతుగా కత్తిరించడం వల్లే. ముదిరితే మత్తిచ్చి గోరు అంచు తీసేస్తారు, చిన్న పని.

ఒక్క హెచ్చరిక. షుగరు ఉన్న మనిషికి ఒక పాదమే వేడిగా, ఎర్రగా వాచి, నొప్పి అంతగా లేకపోతే బెణుకని పంపేయకూడదు. లోపల ఎముకలు కుంగిపోతూ ఉండొచ్చు. దాన్ని షార్కో పాదం అంటారు. కదలకుండా కట్టు వేయడం ఎంత ఆలస్యమైతే పాదం ఆకారం అంతగా చెడుతుంది. కింది స్థాయి సిబ్బందికి ఇచ్చే శిక్షణలో ఇది తప్పకుండా ఉండాలి.

కార్డు మీద ఆ గడి ఎప్పటికల్లా వేయిస్తారో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు