బ్యాంకులో నాన్న వెనకాల నిల్చున్న అక్కకి థాంక్స్

అక్కా, మీ పేరు కూడా అడగలేదంట మా నాన్న, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఎవరో నాన్నకి వీడియో కాల్ చేశారంట, సీబీఐ అంట, పార్సిల్లో డ్రగ్స్ దొరికాయంట, కాల్ కట్ చేస్తే అరెస్టే అన్నారంట, ఆ వీడియో కాల్ ఆన్‌లో ఉంచే ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని బ్యాంకుకొచ్చాడు (అమ్మకి కూడా చెప్పలేదు మహానుభావుడు), ఆర్టీజీఎస్ ఫారం మీద 4 లక్షలు రాస్తుంటే చెయ్యి వణకడం చూసి మీరు నోరెత్తకుండా చలానా వెనక "డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు బాబాయ్, కట్ చెయ్యండి" అని రాసి చూపించారు చూడండి, దండం మీకు. పొద్దున యూపీఐలో పోయిన 20 వేలకి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా మీరే కలిపిచ్చారంట, కంప్లైంట్ తీసుకున్నారు, డబ్బులింకా రాలేదు. ఆ చలానా మాత్రం నాన్న పర్సులోనే ఉంది.