మిర్చి గోదాములో వెలుతురు ఎప్పుడిస్తారు మంత్రిగారూ?

గౌరవనీయులైన మంత్రిగారికి,

గుంటూరు పక్కనున్న ఒక ప్రభుత్వ గోదాములో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసే ముఠాకి నేను మేస్త్రీని. గోదాముల్లో పాత దీపాలు తీసి ఎల్ఈడీ దీపాలు వేయిస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. సర్వేకి వచ్చినవాళ్లు దీపాలు లెక్కపెట్టుకుని వెళ్లారు. ఎన్ని అర్జీలిచ్చినా గేటుకీ, ఆఫీసు వరండాకీ మాత్రమే కొత్త లైట్లొచ్చాయి. మేం పనిచేసే చోట ఇంకా ఆ పాత సోడియం దీపాలే.

సీజన్ మొదలైతే సరుకు రాత్రంతా దిగుతూనే ఉంటుంది. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా సోడియం దీపం వెంటనే వెలగదు. అది చల్లారాలి, మళ్లీ అంటుకోవాలి, పూర్తి వెలుగుకి ఇంకొన్ని నిమిషాలు పట్టాలి. అప్పటికే మా మనిషి భుజాన టిక్కీతో నెట్టు మీద, అంటే పేర్చిన బస్తాల వరస మీద ఉంటాడు. దిగలేడు, బరువుతో అలా నిలబడనూ లేడు. మిర్చి ఘాటుకి కళ్లు ముందే మండుతుంటాయి. పోయిన సీజన్లో మా కుర్రాడొకడు అలాగే జారిపడి మడమ విరగ్గొట్టుకున్నాడు. ఇంకా పనిలోకి రాలేదు. వాళ్లమ్మ కనిపించినప్పుడల్లా లైట్లు మార్చారా అని అడుగుతోంది. ఆవిడకి నేనేం చెప్పాలి సార్?

రైతుల బాధ ఇంకోటి. తేజా రకం మిర్చికాయకి రంగును బట్టి కూడా ధర పలుకుతుంది. ఆ పసుపు వెలుగులో ఎర్రకాయేదో, రంగు పోయిన తాలుకాయేదో తేలదు. శాంపిల్ తీస్తే సెల్‌ఫోన్ టార్చి వేసి చూసుకోవాల్సి వస్తోంది. ఏడాది కష్టాన్ని అలాగేనా చూసేది?

డబ్బుల్లేవంటున్నారు. 400 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిపి 450 వాట్ల దాకా లాగుతుంది. ఎత్తు కప్పులకి వేసే 150 వాట్ల ఎల్ఈడీ దీపం (హైబే అంటారు) ఆ పని చేస్తుంది. రాత్రికి పది గంటలు వెలిగితే ఒక్కో దీపం మీద 3 యూనిట్లు మిగులుతాయి. 2014లో ఇళ్లకి ఎల్ఈడీ బల్బులు పంచిన తొలి జిల్లాల్లో మా గుంటూరు ఒకటి. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధిదీపాలు మార్చిందీ మన రాష్ట్రమే. అన్ని వీధులకి చేయగలిగినవాళ్లు ఒక్క గోదాముకి చేయలేరా?

ఈ సీజన్ లోపు మార్పించండి. నెట్ల మధ్య దారుల్లో, కాటా దగ్గర రంగు సరిగ్గా చూపించే రకం వేయించండి. కరెంటు పోతే వెలిగే ఎమర్జెన్సీ లైట్లు పెట్టించండి. దయచేసి ఒక రాత్రి తొమ్మిది దాటాక మీరే రండి. ముందు చెప్పకుండా రండి, చెబితే అద్దె లైట్లు తెచ్చి పెడతారు.

ఇట్లు,
ఒక ముఠా మేస్త్రీ,
గుంటూరు