హౌస్‌ఫుల్ బోర్డు పెట్టని కాలేజీలు

సంపాదకుడు గారికి నమస్కారం.

నీట్ కౌన్సెలింగ్ ఆలస్యమైందని మీ పత్రికలో వార్తలు వచ్చినప్పుడల్లా ఇక్కడ న్యూజెర్సీలో కూర్చుని చదువుతుంటాను. పోయినేడాది మా అమ్మాయి ఇక్కడి మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. తెనాలి నుంచి మా అత్తగారు ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, "పిల్లకి ర్యాంకు ఎంతొచ్చిందమ్మా?" అని. ఇక్కడ ర్యాంకులుండవు అత్తయ్యా అంటే ఆవిడ నమ్మరు. ర్యాంకు లేని చోట క్యూ ఉంటుందని మాకూ ఆలస్యంగానే తెలిసింది.

దీన్ని రోలింగ్ అడ్మిషన్ అంటారు. గడువు ముగిశాక అందరినీ ఒకేసారి వడపోయడం కాదు. దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చదువుతారు, ఆగస్టు, సెప్టెంబరు నుంచే ఇంటర్వ్యూలకు పిలుస్తారు, అడ్మిషన్ కమిటీ మధ్యమధ్యలో కూర్చుని కొందరికి సీటు ఖాయం చేస్తుంటుంది. అక్టోబరు 15 నుంచి ఆ కబురు పిల్లలకు పంపవచ్చని అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ అంటుంది. మార్చి 15 కల్లా తరగతిలో ఎన్ని సీట్లున్నాయో కనీసం అన్ని ఆఫర్లు వెళ్లిపోవాలనీ అంటుంది. ఏప్రిల్ 30 నాటికి పిల్లలు ఒక్క సీటు ఎంచుకుని మిగతావి వదులుకోవాలి, వెయిట్‌లిస్టు కదిలేది ఎక్కువగా అప్పుడే. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చాలా కాలేజీల వెబ్‌సైట్లలో దరఖాస్తుకు ఆఖరు తేదీ నవంబరు, డిసెంబరు అని ఉంటుంది. అంటే కాలేజీ సీట్లు పంచడం మొదలుపెట్టాక కూడా కొత్తవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటూనే ఉంటుందన్నమాట.

మా తప్పు మాకుంది. అమ్మాయి ఎంక్యాట్, అంటే ఇక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష, ఆగస్టు చివర్లో రాసింది. మార్కులకు నెల పడుతుంది, అవి చూసుకునే, అన్ని కాలేజీలకూ ఉమ్మడిగా ఉండే మొదటి దరఖాస్తు పంపుదామనుకున్నాం. మార్కులు రాకపోయినా జూన్‌లోనే పంపేస్తే అమ్మాయి డిగ్రీ గ్రేడ్ల తనిఖీ ఈలోపు పూర్తవుతుందని మాకెవరూ చెప్పలేదు. రద్దీ రోజుల్లో ఆ తనిఖీకే వారాలు పడుతుంది. తర్వాత ప్రతి కాలేజీకి విడిగా సెకండరీ దరఖాస్తు, దానికి మళ్లీ వ్యాసాలు, మళ్లీ ఫీజు. అన్నీ ముగిసేసరికి నవంబరు వచ్చేసింది. మార్కులేమీ తక్కువ కాదు, 528కి 514. ఒక కాలేజీ నవంబరులో సెకండరీ ఫీజు వంద డాలర్లు తీసుకుని, మే నెలాఖరు దాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఆఖరికి రెండు లైన్ల మెయిల్ పెట్టింది. ఆ ఆరు నెలలూ పిల్ల ఫోన్ పక్కన పెట్టుకునే పడుకునేది. ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

కాలేజీలన్నీ మోసం చేస్తున్నాయని నేననను. వేలల్లో వచ్చే దరఖాస్తులను ఒక్క నెలలో తేల్చడం అయ్యే పని కాదు. ఇంటర్వ్యూ చేసే డాక్టర్లకు ఆస్పత్రి డ్యూటీలూ ఉంటాయి. అయినా వేరే దారులు లేకపోలేదు. హార్వర్డ్ అందరి ఇంటర్వ్యూలూ అయ్యాక మార్చిలో ఒకేసారి చెబుతుంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు అక్టోబరు నుంచి స్థానికులకు కొన్ని సీట్లు ఇచ్చినా, ఫిబ్రవరిలో పిల్లల ఇష్టాల జాబితానూ తమ జాబితానూ కలిపి చూసి మిగతా సీట్లు ఇస్తాయి.

రోలింగ్ మానేయమని నేను అడగడం లేదు. మన ఊళ్లో సినిమా హాలువాడు కూడా టికెట్లు అయిపోతే హౌస్‌ఫుల్ బోర్డు పెడతాడు. ఇంతవరకు ఎంతమందికి ఇంటర్వ్యూ ఇచ్చారు, ఇంకెన్ని ఇంటర్వ్యూలు మిగిలాయి, ఎన్ని ఆఫర్లు పంపారు అన్నది ప్రతి కాలేజీ నెలకోసారి తన పేజీలో పెడితే చాలు. అది చూశాకే మాలాంటివాళ్లు ఆ వంద డాలర్లు కట్టాలో వద్దో తేల్చుకుంటారు.

తల్లిదండ్రులు డాక్టర్లయిన ఇళ్లలో ఈ సంగతులు భోజనాల దగ్గరే పిల్లలకు తెలిసిపోతాయి. గ్యాస్ స్టేషన్‌లో, మోటెల్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకు ఎవరు చెబుతారు? ఏఏఎంసీకి ఫీజు సాయం పథకం ఉంది, దరఖాస్తు పంపేముందే దానికి అర్జీ పెట్టుకోవాలన్నది కూడా చాలామందికి తెలియదు. (గ్రీన్‌కార్డు లేకుండా, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 పిల్లలకైతే చాలా కాలేజీలు తలుపే తీయవు. దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.) ఇక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా సభల్లో పాటలకూ నగల స్టాళ్లకూ మూడు రోజులు కేటాయిస్తారు, ఈ విషయానికి ఒక గంట ఇవ్వలేరా? అదీ వేసవిలో పెడితే ఆ ఏటి పిల్లలకు పనికిరాదు. సంక్రాంతి వేడుకలప్పుడే పెట్టాలి, ఎంక్యాట్ తేదీ ఎంచుకునేది అప్పుడే కాబట్టి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ